ఏ మొత్తంలో ఎంత భాగం?

(నారాయణఖేడ్‌లో విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పై చార్టు ఎట్లా గీయాలో, గీసినదానిని ఎట్లా చదవాలో చెప్పవలసిందిగా నిర్వాహకులు మమ్ములను కోరారు. పాఠశాల పిల్లలకు ఇది గణితంలో ఒక భాగం. గ్రూప్స్ పరీక్షలకు సిద్ధమవుతున్న యువకులకు నాలుగైదు మార్కుల ప్రశ్న. అయినా తల్లిదండ్రులను కూడా తప్పక కూర్చోబెట్టవలసిందని మేము పట్టుబట్టాము. ఎందుకంటే ఈ బొమ్మ పాఠ్యపుస్తకం దాటి చాలాకాలమైంది. బడ్జెట్ మరునాడు పత్రికలో, సర్వే ఫలితాల రోజు టీవీలో, ఎన్నికల వేళ చేతిలోని ఫోనులో ఇదే గుండ్రని బొమ్మ కనబడుతున్నది. అందులో ఒక ముక్క మీద మన పేరు రాసి ఉంటుంది. ఆ ముక్క ఎంత అని అందరూ చూస్తారు. అది ఏ మొత్తంలోని ముక్క అని అడిగేవారు తక్కువ. ప్రభుత్వ కార్యాలయంలో ఏళ్ళ తరబడి పట్టికలు తయారుచేసినవారము గనుక మాకు ముందుగా ఆ రెండో ప్రశ్నే తోస్తుంది.

పేరు గురించి ఒక మాట. 'పై చార్టు' అంటే పైన ఉండే చార్టు అని కొందరు పిల్లలు అనుకుంటారు. వృత్తవైశాల్యంలో వచ్చే పై అని మరికొందరు అనుకుంటారు. రెండూ కావు. ఇంగ్లండులో పై అనేది గుండ్రంగా కాల్చి, ముక్కలు కోసి పంచే ఒక వంటకం. మన ప్రాంతంలో పుట్టి ఉంటే దీనికి జొన్నరొట్టె చార్టు అనే పేరు వచ్చేది. తెలుగులో వృత్తరేఖాచిత్రం అంటారు.

దీనిని మొదట అచ్చువేసినవాడు స్కాట్లండుకు చెందిన విలియం ప్లేఫేర్. యౌవనంలో ఆయన ఆవిరియంత్రాల జేమ్స్ వాట్ దగ్గర చిత్తుపటాలు గీసే పనిచేశాడు. 1801లో వెలువరించిన 'స్టాటిస్టికల్ బ్రీవియరీ' అనే పుస్తకంలో దేశాల వైశాల్యాన్ని వృత్తాలుగా చూపించాడు. వాటిలో ముక్కలుగా కోసి చూపిన వృత్తం ఏ దేశానిదో తెలుసా? తుర్కీ సామ్రాజ్యానిది. ఉస్మానియా సుల్తానుల ఏలుబడిలోని నేల ఆసియాలో ఎంత, ఐరోపాలో ఎంత, ఆఫ్రికాలో ఎంత అని మూడు రంగులలో చూపాడు. ఒకే రాజ్యం మూడు ఖండాలలో పరచుకొని ఉన్నది కాబట్టి, మొత్తాన్నీ భాగాలనూ ఒకేసారి కంటికి చూపవలసిన అవసరం అక్కడ వచ్చింది. మొత్తం ఒకటే, భాగాలు వేరువేరు. పై చార్టు ధర్మమంతా ఇంతే.

ఇక గీద్దాము. పిల్లలకు ఊహించిన అంకెలు ఇవ్వడం కన్నా మన ఇంటి గడప దగ్గర సేకరించిన అంకెలే ఇస్తాము. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఇంటింటి సామాజిక, ఆర్థిక, విద్య, ఉపాధి, రాజకీయ, కుల సర్వే మొదలుపెట్టి, 2025 ఫిబ్రవరిలో ఫలితాలు ప్రకటించినది. సర్వేలో నమోదైనవారు మూడు కోట్ల యాభై నాలుగు లక్షల పైచిలుకు. అందులో ముస్లిమేతర బీసీలు 46.25 శాతం, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45, ముస్లిం బీసీలు 10.08, ముస్లిం ఓసీలు 2.48, ఇతర ఓసీలు 13.31. ముందుగా కూడండి. సరిగ్గా వంద రావాలి. వచ్చినది కదా? రాకపోతే పెన్సిలు ఎత్తకూడదు. కూడికకు ముందే గీసిన వృత్తం, మొత్తం వేయకుండా సంతకానికి పంపిన బిల్లు వంటిది.

వృత్తం చుట్టూ 360 డిగ్రీలు. వంద శాతానికి 360 అయితే ఒక శాతానికి 3.6. ఇది మన పెద్దలు నేర్చిన త్రైరాశికమే. ఉర్దూ మాధ్యమంలో చదివినవారు దీనినే అర్బా ముతనాసిబా అంటారు. మన దేశపు త్రైరాశికం మీద అల్‌బిరూనీ అరబీలో ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. కావున ఈ లెక్క మనకు పరాయిది కాదు.

ప్రతి శాతాన్నీ 3.6తో గుణించండి. ముస్లిమేతర బీసీలకు 166.5 డిగ్రీలు వస్తుంది. ఎస్సీలకు 62.7, ఎస్టీలకు 37.6, ముస్లిం బీసీలకు 36.3, ముస్లిం ఓసీలకు 8.9, ఇతర ఓసీలకు 47.9. కోణమానిని మీద డిగ్రీలో పదోవంతు కనబడదు. కావున 166, 63, 38, 36, 9, 48గా సవరించుకోండి. మళ్ళీ కూడండి, 360 రావాలి. పిల్లలు 166.5ను 167 చేస్తారు, మొత్తం 361 అవుతుంది, చివరి ముక్క దగ్గర గీత కలవక తికమకపడతారు. అటువంటప్పుడు పెద్ద ముక్కలో అర డిగ్రీ సర్దండి. పెద్దదానిలో అర డిగ్రీ పోయినా కంటికి తెలియదు, తొమ్మిది డిగ్రీల ముక్కలో తెలుస్తుంది.

వృత్తలేఖినితో అరచేయంత వృత్తం గీసి, కేంద్రం నుండి పన్నెండు గంటల ముల్లు వలె నిలువుగా ఒక గీత గీయండి. కోణమాని కేంద్రాన్ని వృత్త కేంద్రం మీద ఉంచి మొదటి కోణం కొలవండి. ఆ కోణం ముగిసిన గీత నుండి రెండోది కొలవాలి. ప్రతిసారి మొదటి గీత నుండే కొలిచి ఒక ముక్క మీద మరో ముక్క ఎక్కించడం పిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు. ముక్కలన్నీ పూర్తయ్యాక రంగులు వేసి, లోపల పేరు, శాతం రాయండి. బొమ్మ కింద మూడు విషయాలు తప్పక ఉండాలి: ఇది దేని మొత్తం, ఎవరు లెక్కించారు, ఏ సంవత్సరం. ఈ మూడు లేని పై చార్టు ఫోనుకు వస్తే మరొకరికి పంపకండి.

ఇప్పుడు గీసిన బొమ్మను చదువుదాము. 36 డిగ్రీల ముస్లిం బీసీ ముక్కను చూడండి. దానికి మేము ఇంకా రంగు చెప్పలేదు. బీసీలకు వేసిన రంగే దానికీ వేసి, ఆ రెంటినీ పక్కపక్కన పెడితే బీసీలు 56.33 శాతం. వృత్తంలో సగం దాటినది. అట్లా కాక, ముస్లిం ఓసీల తొమ్మిది డిగ్రీల పక్కన చేర్చి ఇద్దరికీ ఒకే రంగు వేస్తే ముస్లింలు 12.56 శాతం. అప్పుడు బీసీలు 46.25కే ఆగుతారు, సగం దాటలేదు. జనాభా మారలేదు, అంకె మారలేదు, రంగు మారినది. 2025 మార్చిలో బీసీలకు 42 శాతం రిజర్వేషను బిల్లులను శాసనసభ ఆమోదించిన నాటి నుండి రాజకీయ వేదికల మీద సాగుతున్న వాదంలో సగం ఈ రంగు గురించినదే. ముస్లిం బీసీలను బీసీలలో కలపరాదనేవారు ఒక రంగు వేస్తున్నారు, కలపాలనేవారు ఇంకొకటి. దూదేకులవారు, ఖురేషీలు, ఫకీర్లు, హజాంలు వెనుకబడినది తమ వృత్తి వల్ల, పేదరికం వల్ల. కాబట్టి ఆ ముక్క బీసీలలో ఉండడం న్యాయమని మా అభిప్రాయం. అయితే ఏ రంగు వేసినా వేసిన కారణం బొమ్మ కింద రాయాలి.

ఈ రెండు రంగులను ఒకే వృత్తంలో వేయబోతే మాత్రం ప్రమాదమున్నది. బీసీలు 56.33, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45, ముస్లింలు 12.56, ఇతర ఓసీలు 13.31 అని ఎవరైనా రాశారనుకోండి. ప్రతి అంకె విడిగా నిజమే. కూడి చూడండి, 110.08 వస్తుంది. వందకు పైన ఉన్న ఆ 10.08 ఎవరిది? మన ముస్లిం బీసీలదే. ఒకే మనిషిని రెండు ముక్కలలో కూర్చోబెట్టారు. వృత్తంలో ఒక మనిషికి ఒకే చోటు. మనవారు రాసే వినతిపత్రాలలో ఇట్లాంటి లెక్క దొర్లితే, కార్యాలయంలో చదివే గుమాస్తా ఆ ఒక్క చోట పెన్సిలుతో సున్నా చుట్టి మొత్తం కాగితాన్ని పక్కన పెడతాడు. ఆ కుర్చీలో కూర్చున్నవారము గనుక చెబుతున్నాము.

ఇక రెండో వృత్తం. ఇది జనాభాది కాదు, ఉద్యోగాలది. రోస్టరులో వంద పాయింట్లు ఉంటాయి. బీసీలకు 29, అందులో ఎ వర్గానికి 7, బి వర్గానికి 10, సి వర్గానికి 1, డి వర్గానికి 7, ఇ వర్గానికి 4. ఎస్సీలకు 15, 2022 నుండి ఎస్టీలకు 10, ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు 10. మిగిలిన 36 ఓపెన్. ఈ 36ను చాలామంది 'ఓసీల కోటా' అని చదువుతారు. అది తప్పు. ఓపెన్ అంటే ఎవరి పేరూ రాయని ముక్క. మార్కులు తెచ్చుకున్న మన బిడ్డ కూడా అందులో కూర్చోవచ్చును. తల్లులు ఈ మాట ఇంటికి వెళ్ళి పిల్లలకు చెప్పాలి. నాలుగు పాయింట్ల కోసమే చదివే బిడ్డ వేరు, నలభై పాయింట్ల మీద కన్నేసి చదివే బిడ్డ వేరు.

బీసీ-ఇ ముక్క 14.4 డిగ్రీలు. 2007లో ఉమ్మడి రాష్ట్ర చట్టం ద్వారా వచ్చినది, 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేసినది, అదే సంవత్సరం మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలిచినది. మొదటి వృత్తంలోని 36 డిగ్రీలను, రెండో వృత్తంలోని ఈ 14.4 డిగ్రీలను పక్కపక్కన పెట్టి 'మాకు రావలసినదానిలో సగం కూడా రాలేదు' అని వేదికల మీద అంటుంటాము. ఆవేదన సబబైనదే, లెక్క మాత్రం ఇంకొంచెం సరిచేయాలి. మొదటి వృత్తంలోని ముస్లిం బీసీలలో దూదేకులవారు కూడా ఉన్నారు. వారు బీసీ-బిలో ఉన్నారు, ఇ లో లేరు. కాబట్టి రెండు ముక్కలలో ఉన్నది ఒకే జనం కాదు. ఎదుటి పక్షం న్యాయవాది మొదట పట్టుకునేది దీనినే. వారిని తీసివేసి, ఇ వర్గం జనాభా ఎంతో విడిగా అడిగి, అప్పుడు పోల్చాలి. సర్వేలో కులం వారీగా రాసుకున్నారు గనుక ఆ అంకె అడగడానికి మనకు హక్కున్నది, సమాచార హక్కు చట్టం ఉన్నది.

సచార్ కమిటీ నివేదిక గురించి ఇక్కడ చాలామంది విని ఉంటారు. 2005 మార్చిలో ఏర్పాటై 2006 నవంబరులో నివేదిక ఇచ్చినది. అందులో నుండి రెండు చిన్న ముక్కలు మాత్రం తీసుకుంటాము. దేశ జనాభాలో ముస్లింలు అప్పటికి 13.4 శాతం, అంటే 48 డిగ్రీలు. ఐఏఎస్ అధికారుల వృత్తంలో 3 శాతం, అంటే సుమారు 11 డిగ్రీలు. రెండు వృత్తాలు గీసి గోడకు అంటిస్తే వివరణ అక్కరలేదు. మరొకటి: ముస్లిం పిల్లలందరూ మదరసాలకే పోతారనే మాట బయట బలంగా ఉన్నది. బడి వయసు ముస్లిం పిల్లలలో మదరసాలలో చదివేవారు నాలుగు శాతానికి మించరని ఆ కమిటీ తేల్చినది. నాలుగు శాతమంటే మళ్ళీ అదే 14.4 డిగ్రీలు. రోస్టరులో మనకున్న ముక్క, మదరసా ముక్క గీతకు గీత సమానం. కానీ ఒకటి ఉద్యోగాలలో భాగం, ఇంకొకటి పిల్లలలో భాగం. కోణం ఒకటే అయినంత మాత్రాన అర్థం ఒకటి కాదు. పిల్లలు ఈ రెంటినీ ఒకే కాగితం మీద గీసి చూడాలని మా కోరిక.

బడ్జెట్ దగ్గర కొంచెం ఆగుతాము. కేంద్ర బడ్జెట్ వచ్చినప్పుడు 'రూపాయి రాక, రూపాయి పోక' అని నాణెం వంటి వృత్తాన్ని వేస్తారు. పైసాకు 3.6 డిగ్రీలు. మన రాష్ట్రం 2025-26కు ప్రవేశపెట్టిన బడ్జెట్ 3,04,965 కోట్ల రూపాయలు, అందులో మైనారిటీ సంక్షేమానికి 3,591 కోట్లు. శాతం 1.18, కోణం నాలుగు డిగ్రీల పైచిలుకు. పెన్సిలు మొన లావుగా ఉంటే ఈ ముక్క గీతలోనే కలిసిపోతుంది. దీనిని 12.56 శాతం జనాభా పక్కన పెట్టి వెంటనే పదో వంతు న్యాయం అనడం మాకు ఇష్టం లేదు. రేషను, పింఛను, రైతులకిచ్చే సొమ్ము, ఆసుపత్రి ఇతర శాఖల ముక్కలలో నుండి మనకూ వస్తున్నవి. మా ప్రశ్న వేరు. బడ్జెట్ పుస్తకంలో అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం అనే మూడు గడులు ఉంటాయి. పత్రికలో వచ్చే బొమ్మ మొదటి గడిది. మూడో గడి అంకె బయటికి వచ్చేసరికి రెండేళ్ళు గడుస్తాయి, అప్పుడు ఎవరూ బొమ్మ వేయరు. కేటాయించినది, విడుదల చేసినది, ఖర్చయినది అని మూడు వృత్తాలు మనమే గీసుకోవాలి. విడుదల ఉత్తర్వు వచ్చినంత మాత్రాన ట్రెజరీలో బిల్లు పాసైనట్టు కాదని ఉద్యోగం చేసినవారెవరైనా చెబుతారు. స్కాలర్‌షిప్పు కోసం కాలేజీ ఆఫీసు చుట్టూ తిరిగిన తల్లిదండ్రులు కూడా చెబుతారు.

వృత్తం చూపలేనిది కూడా ఒకటున్నది, కాలం. 2001లో దేశ జనాభాలో ముస్లింలు 13.4 శాతం, 2011లో 14.2. రెండు వృత్తాలు పక్కపక్కన పెట్టి 'చూడండి, పెరుగుతున్నారు' అని భయపెట్టేవారున్నారు. వృత్తాలు అబద్ధమాడలేదు. అయితే 1991 నుండి 2001 దాకా ముస్లిం జనాభా పెరుగుదల 29.5 శాతం, తరువాతి పదేళ్ళలో అది 24.6కు తగ్గినది. వేగం తగ్గిన సంగతి ఏ వృత్తంలోనూ పట్టదు, దానికి గీతల పటం కావాలి. అట్లాగే ముక్కలు ఏడెనిమిది దాటితే కమ్మీ రేఖాచిత్రం మేలు. మన కన్ను పొడవును కొలిచినంత చక్కగా కోణాన్ని కొలవలేదు. ఇక టీవీలో వృత్తాన్ని పళ్ళెం వలె ఒరగదీసి, మందం చూపి వేసే బొమ్మలను నమ్మకండి. ముందుకు వచ్చిన ముక్క ఉన్నదానికన్నా పెద్దదిగా, వెనుకది చిన్నదిగా కనబడుతుంది. శాతం అంకె చదవండి, బొమ్మను వదిలేయండి.

ఇంతకూ వృత్తంలోకి రాని మనుషుల మాట. 2024 సర్వే 96.9 శాతం ఇళ్ళను చేరినదని ప్రభుత్వమే చెప్పి, మిగిలినవారి కోసం 2025 ఫిబ్రవరిలో మరోసారి అవకాశమిచ్చినది. మన నారాయణఖేడ్ సంగతి మీకు తెలుసు. చెరకు కోతలకు, పట్నం కూలికి ఇళ్ళకు తాళాలు వేసి వెళ్ళే కుటుంబాలు తండాలలోనూ ఉన్నాయి, మన గల్లీలలోనూ ఉన్నాయి. 1956 దాకా బీదరు జిల్లాలో ఉండి, ఆపైన మెదక్‌కు, 2016లో సంగారెడ్డికి మారిన తాలూకా ఇది. సరిహద్దు మనిషి ఇక్కడా లేడు, అక్కడా లేడు అని రెండు వైపులా వదిలేసే ప్రమాదం ఎప్పుడూ ఉన్నది. లెక్కకు రానివాడు ముక్క చిన్నదైనట్టు కూడా కనబడడు. వృత్తం అతడు లేకుండానే నూటికి నూరు నిండుతుంది.

రాబోయే జనగణనకు 2027 మార్చి 1వ తేదీని ఆధారంగా తీసుకున్నారు, అందులో కులం కూడా అడుగుతారు. మతం గడి వేరు, కులం గడి వేరు. మతం అడిగితే ఇస్లాం అనండి, కులం అడిగితే మళ్ళీ ముస్లిం అని ఊరుకోకండి. షేక్ అయితే షేక్, ఖురేషీ అయితే ఖురేషీ, దూదేకుల అయితే దూదేకుల, సయ్యద్ అయితే సయ్యద్. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, లేనిది చెప్పకండి. 36 డిగ్రీల ముక్కకు, తొమ్మిది డిగ్రీల ముక్కకు నడుమ ఉన్న గీతను హైదరాబాదులో ఎవరో గీయలేదు. మన గడపలో, మన జవాబుతో గీయబడినది. మాతృభాష గడిలో కూడా ఇంట్లో మాట్లాడే భాషే రాయించండి.

చివరగా పిల్లలకు ఒక పని. ప్రతి గల్లీకి ఇద్దరు చొప్పున పుస్తకం పట్టుకొని బయలుదేరండి. ఆరు నుండి పద్నాలుగేళ్ళ పిల్లలెంతమంది, ఎక్కడ చదువుతున్నారు అని రాసుకోండి. ఉదాహరణకు ఒక గల్లీలో 72 మంది ఉన్నారనుకుందాము. 360ని 72తో భాగిస్తే బిడ్డకు 5 డిగ్రీలు, శాతంతో పనిలేదు. ప్రైవేటు బడిలో 34 మంది అయితే 170 డిగ్రీలు, ప్రభుత్వ తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాలలో 18 మందికి 90, ప్రభుత్వ ఉర్దూ మాధ్యమంలో 8 మందికి 40, మైనారిటీ గురుకులంలో నలుగురికి 20. మిగిలిన 8 మంది మెకానిక్ షాపులో, హోటల్లో, ఇంటి పనిలో. వారికీ 40 డిగ్రీలు. సిగ్గుపడి ఆ ముక్కను 'ఇతరులు' అని రాయకండి. 'బడికి పోనివారు' అనే రాయండి. ఆ ఎనిమిది మందిలో ఆడపిల్లలెందరో పక్కన రాయండి. పొద్దున మదరసాకు, తరువాత బడికి పోయే పిల్లవాడిని బడి దగ్గర ఒక్కసారే లెక్కించండి, రెండుసార్లు కాదు. ఇళ్ళ పేర్లు బొమ్మ మీద వద్దు, అంకెలు చాలు.

ఆ కాగితాలు వచ్చే నెల రెండో ఆదివారం ఇక్కడికే తీసుకురండి. కోణమానిని లేనివారు ఇప్పుడే చేయి ఎత్తండి, డజను తెచ్చాము.